విశ్రామ్ అంటే లేచి నిలబడ్డవాళ్లు

నేను ఒక యోగా చాపను. తుంగతో అల్లినదాన్నేమో అనుకునేరు, కాదు. ఫ్యాక్టరీలో రబ్బరు ముద్దను యంత్రంలో తొక్కించి, నీలం రంగు కలిపి, చుట్టచుట్టి బయటికి నెట్టారు. పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోవడానికి ఏమీ లేదు. నాలాంటి నలభై చాపల్ని ఒకే ఆటోలో కుక్కి, గిద్దలూరు వైపు ఒక ఊళ్లో మాజీ సైనికుల సంఘం హాల్లో దించారు. గోడకు బ్యానరు కట్టి ఉంది: యోగా, ధ్యానంతో మనశ్శాంతి, మూడు నెలలు. మనశ్శాంతికి గడువు ఎవరు పెట్టారో నాకు తెలియదు. మనుషులకు అన్నిటికీ గడువు కావాలి.

నా వంతుకు వచ్చిన మనిషి ఓబులేసు. హవల్దారుగా చేసి ఇంటికొచ్చి తొమ్మిదేళ్లయింది. ఆ తొమ్మిదేళ్లూ ఆయన నడుం వాల్చలేదు. గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీస్తాడు. ఈ సంగతి ఆయన చెప్పలేదు, భార్య తిరుపాలమ్మ యోగా టీచరు విమలకు చెప్పింది.

“ఒక్కపూటన్నా ఆయన్ని పండుకోబెట్టమ్మా. ఇంకేమొద్దు నాకు.”

మొదటి రోజు చివర్లో విమల, “ఇప్పుడు శవాసనం” అంది. ఓబులేసు లేచి, చెప్పులైనా వేసుకోకుండా బయటికి నడిచాడు. మంచుకొండల్లో గాయపడ్డ స్నేహితుణ్ణి ఆయన ఒక పగలంతా వీపున మోసుకుని కిందికి దిగాడట. వాడు నిద్రపోతున్నాడనుకుని, కుదుపు లేకుండా మెల్లగా నడిచాడట. దించి చూస్తే ఎప్పుడో పోయాడు. తిరుపాలమ్మ ఇది చెప్పినప్పుడు విమల ముఖం పాలిపోయింది. పాపం, ఆ పిల్ల పుస్తకంలో ఉన్న పేరే కదా చెప్పింది.

మర్నాడు ఆ పేరు మార్చేసింది. ఎంతో మెత్తగా, “ఇప్పుడు అందరూ విశ్రామ్” అంది. కూర్చున్న ముప్పైమందీ టక్కున లేచి, కాళ్లు ఎడం చేసి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. పట్టాళంలో ఆ మాటకు అర్థం అదే. నిలబడడానికే విశ్రాంతి అని పేరు పెట్టినవాళ్లను ఏమనాలో నాకు తోచలేదు. ఒకరినొకరు చూసుకుని అందరూ నవ్వారు. ఓబులేసు కూడా నవ్వాడు. గుమ్మంలో ఉన్న తిరుపాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“పేరేమీ వద్దులే అన్నా, ఊరికే ఒరగండి” అంది విమల. ఆరోవారంలో ఆయన పక్కకు ఒరిగాడు. పదోవారంలో వెల్లకిలా పడుకుని, కళ్లు తెరుచుకుని ఫ్యాను రెక్కలు చూశాడు. ఇంకో వారానికి, ఒకనాటి పొద్దున, ఆ కళ్లు మూతపడ్డాయి. అబ్బ, ఎంత బరువని! అన్నాళ్లూ ఆయన తన పూర్తి బరువు నా మీద మోపనే లేదని అప్పుడు తెలిసింది. సన్నగా గురక కూడా వచ్చింది. ఆ గురకకు భంగం కలగకూడదని విమల ఎవరినీ లేవొద్దని సైగ చేసింది. ముప్పైమందీ కళ్లు మూసుకుని, కదలకుండా, వరసగా పడుకునే ఉన్నారు. ఎంత మంచి మనసులో చూడండి.

ఓబులేసు కళ్లు తెరిచి చూసింది ఆ వరసల్నే.

ఆయన మోకాళ్ల మీద పాకుతూ ఒక్కొక్కడి దగ్గరికీ వెళ్లాడు. ముక్కు కింద అరచెయ్యి పెట్టి చూశాడు, పేరు పెట్టి పిలిచాడు. పక్కచాప చెంచయ్య లేచి కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

“బతికే ఉండార్రా ఓబులేసూ. అందరం బతికే ఉండాం.”

ఆయన వినలేదు. చివరి వరస దాకా వెళ్లాడు. ఆ తర్వాత హాలుకు రాలేదు. విమల రెండుసార్లు వాళ్లింటికి వెళ్లి, మంచినీళ్లు తాగి వచ్చేసింది. అంతలో మూడు నెలలూ అయిపోయాయి. బ్యానరు విప్పేశారు, చాపలు ఎవరివి వాళ్లకు ఇచ్చేశారు.

ఇప్పుడు నేను వాళ్లింట్లో ఉన్నాను. తెచ్చిన రోజు మధ్యాహ్నం తిరుపాలమ్మ నన్ను పరిచి, ఎలా పడుకోవాలో చూపిద్దామని తనే పడుకుంది. ఆయన పక్కన చేరి, ఆమె ముక్కు కింద అరచెయ్యి పెట్టి, పొద్దుగూకే దాకా తియ్యలేదు. ఆమె కూడా లేవలేదు, ఏడుస్తూ అలాగే ఉండిపోయింది. అప్పటినుంచి ఆమె కూడా ఆయన పక్కన గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతోంది. నన్ను మళ్లీ పరవలేదు. గోడ గరుకుగా ఉంటుందని, నన్ను ఇద్దరి వీపుల వెనకా గోడకు కట్టారు.