మర్యాదస్తుల మాట

మా కొండమీద ఒక నియమం ఉంది. పరాయి మనిషి ఎదుట మన మాట మాట్లాడకూడదు. మాట్లాడితే ఆ మనిషిని ఆడిపోసుకున్నట్టు లెక్క. అందుకని కింద మైదానం నుంచి ఎవే జాతి మనిషి వస్తే ఎవే భాషలో, అవతలి నుంచి అకాన్ మనిషి వస్తే అకాన్‌లో పలకరిస్తాం. అలా వచ్చిన చుట్టం ఊళ్ళో ఉన్నంతసేపూ మా కోళ్ళు కూడా కూయవని మా అత్త గొప్పగా చెప్పుకుంటుంది. వచ్చీ రాగానే కోసి కూర చేసేస్తాం గనక ఆ మాట నిజమే.

ఇంత మర్యాదస్తులం కాబట్టే మాకొక భాష ఉందన్న సంగతి బయట ఎవరికీ తెలియదు. ఆ సంగతి తెలియకపోవడం వల్ల దెబ్బ తిన్నది నా కూతురు ఎలినమ్.

నేను సంతలో అరటికాయలు అమ్ముకునే రోజుల్లో దాన్ని మా అత్త వరిమళ్ళ దగ్గర గుడిసెలో పెంచింది. అక్కడికి చుట్టాలు రారు. అందుచేత నా కూతురికి మా కొండమాట తప్ప మరొకటి అంటలేదు. ఇంట్లో దాని నోటికి తాళం వేసేవాడు పుట్టలేదు. బడిలో, శిశుతరగతిలో మాత్రం మైదానం నుంచి వచ్చిన సెనానూ మేడమ్ ఎవేలో ఏదడిగినా అది గుడ్లప్పగించి చూసేది. ఏడాదంతా చూసి మేడమ్ నన్ను పిలిపించింది. పిల్లకి మాటలు రావట, ఆస్పత్రిలో చూపించాలట, ఒకటో తరగతిలోకి తీసుకునేది లేదట.

ఇంటికొచ్చి దాని నాలుక కింద వేలు పెట్టి చూశాను. అది నా వేలు కొరికి, వేలికి ఉల్లిపాయ వాసనెందుకొస్తోందని నిలదీసింది. అయినా నాకు భయం పోలేదు. దీన్ని కడుపున మోస్తూ నేను బడి మానేశాను. నా చదువు సగంలో ఆగింది, సరే. దీని చదువు గుమ్మం దగ్గరే ఆగిపోతుందా?

జిల్లా ఆఫీసులో అడిగితే దారి ఒకటి చెప్పారు. కొండవాళ్ళది వేరే భాష అని పండితులు తేల్చి రాస్తే, ఆ భాష తెలిసిన మనిషిని తరగతిలో కూర్చోబెడతారట. ఎవేలోనే ఒక యాస అని రాస్తే ఏమీ లేదట. అంటే నా పిల్ల నోట్లో ఏముందో పిల్ల చెబితే చాలదు, పండితుడు చెప్పాలి.

ఆ పండితుడు వరికోతలకు ముందే వచ్చాడు. పేరు ఎసిల్ఫీ, కోస్తా మనిషి, పొడుగ్గా తాటిచెట్టులా ఉన్నాడు. ఎవే రాదు, మా మాట రాదు. తోడుగా దుబాసీ కావాలన్నాడు. ఎవరు దొరికారనుకున్నారు? సెనానూ మేడమే.

ఊరి పెద్దలంతా పందిరి కింద చేరారు. మా ఊరి పెద్దకి పరాయివాళ్ళతో నేరుగా మాట్లాడే ఆచారం లేదు గనక ఆయన తరఫున గెర్షన్ తాత మాట్లాడాడు. ముందు నీళ్ళిచ్చారు, తరువాత కల్లు పోశారు, ఆ తరువాతే వచ్చిన పని అడిగారు. ఎసిల్ఫీగారు వివరంగా చెప్పాడు. ఈ చుట్టుపక్కల భాషలన్నిటినీ పండితులు క్వా అనే ఒక కుటుంబం చేసి ఒకే ఇంట్లో పెట్టారట. ఒకప్పుడు ఆ ఇంట్లో తూర్పునున్న నైజీరియా జనం కూడా ఉండేవాళ్ళట, తరువాత వాళ్ళ చేత వేరుకాపురం పెట్టించారట. కొండలమీది మమ్మల్ని మాత్రం ఏ గదిలో పెట్టాలో తేలక చాలాకాలం 'మిగిలినవి' అని రాసుకున్నారట.

గెర్షన్ తాత ఆ మాట దగ్గర కల్లు బుర్ర కింద పెట్టాడు.

"మిగలడానికి మేమేమైనా రాత్రి కూరా నాయనా?"

మేడమ్ ఆ మాటని ఎలా తర్జుమా చేసిందో గాని ఎసిల్ఫీగారు సంతోషంగా తలూపాడు. ఈ కొండల జనాన్ని మళ్ళీ రెండు గుంపులు చేశారని కూడా చెప్పాడు. మాంసాన్ని ఏమంటామో దాన్నిబట్టి ఒకరు ఇటు, ఒకరు అటు అట. మాకు మాంసం కనిపించేదే పండక్కి. అది కంచంలోకి రాకపోయినా పుస్తకంలోకి ఎక్కిందని తెలిసి పెద్దలు మురిసిపోయారు.

ఇక అడగడం మొదలుపెట్టాడు. తలని ఏమంటారు? నీళ్ళని ఏమంటారు? మేడమ్ ఎవేలో అడిగింది. మా పెద్దలు, ఎదురుగా ఎవే ఆడపడుచు కూర్చుని ఉండగా, ఎవేలో చెప్పారు. చెట్టు, రాయి, చంద్రుడు, మాంసం, అన్నీ స్వచ్ఛమైన ఎవే. చర్చిలో పాట పాడినంత శుద్ధంగా. ఆయన రాసుకున్నాడు, తల పంకించాడు, మళ్ళీ రాసుకున్నాడు. వెనకనుంచి గెర్షన్ తాత చొక్కా లాగాను. తాతా, మన మాట చెప్పు, నా పిల్ల బతుకు దీనిమీద ఉంది అని చెవిలో గొణిగాను. ఆ గొణుగుడు కూడా ఎవేలోనే గొణిగాను, నా మర్యాద తగలెయ్య.

"తప్పమ్మా, చుట్టం ముందు అలాంటి పనులు చేస్తామా? ఆయనెళ్ళాక చెబుదాం లే" అన్నాడు తాత.

ఆయనెళ్ళాక ఎవరికి చెబుతాడో నాకు అర్థం కాలేదు.

అంతలో కొండవరి అన్నం, కోడికూర వచ్చాయి. ఎసిల్ఫీగారు తొడముక్క నోట్లో పెట్టుకున్నాడో లేదో, మా అత్త చెయ్యి విదిలించుకుని ఎలినమ్ పందిరి మధ్యకొచ్చి నిలబడింది. అది మా మాటలో, కొండ అవతలికి వినపడేలా అడిగింది.

"అమ్మా, పొద్దున నా వెనకాల తిరిగిన కోడేనా అది? దాని మాంసమంతా ఈ పొడుగాయనకేనా, నాకు మెడ కూడా మిగల్చడా?"

పెద్దలు తలలు దించుకున్నారు. మా అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. ఎసిల్ఫీగారు ముక్క చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆయన రాసుకున్న మాటల్లో ఒక్కటీ ఆ పిల్ల నోట్లోంచి రాలేదు మరి.

"ఈ పాప ఏమంది?" అని మేడమ్‌ని అడిగాడు.

మేడమ్ ఇబ్బందిగా నవ్వింది. "ఆ పాపకి మాటలు రావండీ."

ఆ తరువాత ఎసిల్ఫీగారు అన్నం పక్కనపెట్టి ఎలినమ్ ముందు చతికిలబడ్డాడు. దానికి తొడముక్క ఇచ్చాడు, ఒక్కొక్కటీ వేలితో చూపించి అది చెప్పిందల్లా రాసుకున్నాడు. గెర్షన్ తాత మాత్రం సాయంత్రందాకా ఆయనకి క్షమాపణలు చెబుతూనే ఉన్నాడు. పెంపకం లోపమని నావైపు చూపించాడు కూడా.

కొన్నాళ్ళకు కాగితం వచ్చింది. మాది ఎవే యాస కాదు, వేరే భాషే. క్వా ఇంట్లోనే ఉన్నామట గాని పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. అద్దెకున్నవాళ్ళలా అన్నమాట. ఆఫీసువాళ్ళు కాగితం చదివి, భాష తెలిసిన మనిషిని వెతుకుతున్నామన్నారు. ఊరంతా ఆ భాషే మాట్లాడుతుంటే ఎక్కడ వెతుకుతున్నారో మరి. చివరికి సెనానూ మేడమే కబురు పెట్టింది. నేను తరగతిలో కూర్చుని తర్జుమా చేస్తానంటే పిల్లని చేర్చుకుంటానంది. ఆమెది రాతిగుండె కాదు, ఒప్పుకోవాలి. మోకాళ్ళు గడ్డానికి తగిలే ఆ చిన్న బల్లమీద, నా కూతురి పక్కన నేనూ మళ్ళీ బడికెళ్ళాను.

మరుసటి కోతలనాటికి ఎసిల్ఫీగారు మాటలు పట్టే యంత్రంతో వచ్చాడు. నేరుగా ఎలినమ్ దగ్గరకే వెళ్ళాడు. అది రెండు చేతులతో నీళ్ళిచ్చి, మోకాలు వంచి, ప్రయాణం బాగా జరిగిందా అని ఎవేలో అడిగింది. తల చూపిస్తే ఎవేలో చెప్పింది. రాయి చూపిస్తే ఎవేలో చెప్పింది. పోయినేడు నేర్చుకున్న నాలుగు ముక్కల మా మాటతో ఆయనే పలకరిస్తే, సిగ్గుపడి నా వెనక దాక్కుంది.

గెర్షన్ తాత కళ్ళలో వెలుగొచ్చింది. "చూశారా, పిల్లకి ఎంత మర్యాదొచ్చిందో."

నాకు సంతోషమే. నా పిల్ల ఒకటో తరగతిలో అందరికంటే ముందు చెయ్యెత్తుతోంది, ఇంకేం కావాలి? కానీ వారంగా అది ఇంట్లో కూడా నాతో ఎవేలోనే మాట్లాడుతోంది, నేనూ చుట్టాన్నే అన్నట్టు.

ఎసిల్ఫీగారు యంత్రం ఆపబోయాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఊరి పెద్దలందరి ఎదుట, నా బతుకులో మొదటిసారి, పరాయి మనిషితో మా కొండమాటలో మాట్లాడాను.

"కూర్చోండి. మా ఇంట్లో మాంసాన్ని ఏమంటామో చెబుతాను."

వెనక నుంచి ఎవరో దగ్గారు. ఎలినమ్ నా కొంగు లాగి, చుట్టం ముందు తప్పమ్మా అంది. కంగారులో, మా మాటలోనే అంది.