మంచుకొండ పోపు

కోటేశ్వరికి కడుపు మండిపోయింది. మండదూ మరి? కాశీకి వెళ్తే ఇష్టమైనదేదో ఒకటి వదిలేసి రావాలి గదా, అత్తగారు రావమ్మగారు ఉల్లిపాయ వదిలేసి వచ్చారు. ఆనాటి నుంచీ, ఇరవై రెండేళ్ళుగా, హనుమాన్ జంక్షన్‌లోని వాళ్ళ ఇంట్లో ఉల్లి గడప తొక్కలేదు. పెద్దావిడ నోరు కట్టుకుని కూర్చుంటే ఎదురుగా తనెలా తింటుందని కోటేశ్వరి కూడా మానేసింది. ఉల్లిపాయ పులుసంటే తను పడిచచ్చే మనిషి! అయినా అత్తగారు ఒక్కనాడూ "పప్పు బాగుందే" అన్న పాపాన పోలేదు.

జ్వరం పడి లేచిన దగ్గర్నుంచీ రావమ్మగారికి అన్నం సయించడం లేదు. కోటేశ్వరి ఏం వండినా కంచం పక్కకి నెట్టేస్తున్నారు. అంతలో బెంజ్ సర్కిల్ నుంచి చిన్నకోడలు ఉషశ్రీ ఊడిపడింది, బదరీనాథ్ యాత్ర ముగించుకుని. చేతిలో ఎండుటాకుల పొట్లం.

"ఫరణ్ అంటారక్కా. మంచుకొండల మీద దానంతటదే మొలుస్తుందట. పోపులో వేసుకోవాలి."

నేతిలో చిటికెడు వేయించి పప్పులో కలిపింది. రావమ్మగారు రెండుసార్లు మారు వేయించుకున్నారు.

"చిన్నదాని చేతిలో అమృతం ఉందే" అన్నారు.

కోటేశ్వరికి ముద్ద మింగుడుపడలేదు. ఇన్నేళ్ళ చాకిరీ చిటికెడు ఆకు ముందు ఎందుకూ కొరగాకుండా పోయింది. పైగా ఆ వాసన ఎక్కడో తెలిసినదే. ఉషశ్రీ వెళ్ళిపోయాక పొట్లంలోంచి కాస్త తీసి వేళ్ళ మధ్య నలిపింది. ఫోన్‌లో ఆ పేరు వెతికింది. ఉల్లి జాతి మొక్క! దొరికావే ఉషశ్రీ, అనుకుంది. సంతోషంతో ఆ రాత్రి నిద్ర కూడా పట్టలేదు.

మర్నాడు రావమ్మగారు ఆ పోపే కావాలన్నారు. కోటేశ్వరి పొట్లం తెచ్చి ఆవిడ ముందు పెట్టింది.

"ఇది ఉల్లి జాతండీ అత్తయ్యగారూ. మీ చిన్నకోడలు మీ కాశీ మొక్కు కాస్తా మంటగలిపింది."

రావమ్మగారు ఉలికిపడలేదు.

"మొదటి ముద్దకే తెలిసింది. అంత దూరం నుంచి ప్రేమగా తెచ్చింది, వద్దంటే చిన్నబుచ్చుకుంటుందని తిన్నాను. దానికి మాత్రం చెప్పకు."

కోటేశ్వరి పొట్లం వెనక్కి లాక్కుంది.

"నేనూ మానేశానండీ ఉల్లి. మీ కోసమే."

రావమ్మగారు తలెత్తి చూశారు.

"అదేమిటే? నీకు మొదట్నుంచీ ఇష్టం లేదనుకున్నాను."

కోటేశ్వరి వంటింట్లోకి వెళ్ళింది. మూకుడు పెట్టి, పొట్లం మొత్తం నేతిలో కుమ్మరించి పప్పుకి పోపు పెట్టింది. ఆ పప్పంతా తన కంచంలో వేసుకుని, అత్తగారికి చారు పోసింది.