కోతికొండ క్యాసెట్ ఖరీదు

లక్ష్మణ్ ఇంట్లో రెండు బీరువాలున్నాయి. చిన్నదాంట్లో నలుగురి బట్టలు కుక్కి కుక్కి ఉంటాయి. పెద్దదాంట్లో పాత వీడియో గేమ్ క్యాసెట్లు, ఒక్కోటి ఒక్కో ప్లాస్టిక్ కవర్లో, దర్జాగా కాళ్ళు చాపుకుని పడుకుంటాయి. మొత్తం రెండు వందల పదకొండు. వాటిని ఇంట్లో ఎవరూ ఆడరు. లక్ష్మణ్ కూడా ఆడడు. ఆదివారం పొద్దున తెల్ల గ్లౌజులు తొడుక్కుని ఒక్కోటీ తీసి, చూసి, మళ్ళీ పెట్టేస్తాడు. నలభై నాలుగేళ్ళ మనిషి, కరెంటాఫీసులో సీనియర్ అసిస్టెంటు, ఇదేం పని అని ఎవరైనా అడిగితే "కలెక్షన్" అని గంభీరంగా అంటాడు. వాళ్ళమ్మ విజయమ్మ మాత్రం దాన్ని బొమ్మల కొలువు అంటుంది.

ఎన్ని ఉంటే ఏం లాభం, కావాల్సినది లేదు. దాని పేరు కోతికొండ. తొంభై మూడులో ఒక చిన్న కంపెనీ దాన్ని ఏడాది అమ్మిందో లేదో, మూతపడింది. ఒక కోతి రాయి మీద నుంచి రాయి మీదికి దూకుతూ, గుంతలు దాటుతూ, తేళ్ళను తొక్కుతూ గుట్టెక్కాలి. అంతే ఆట. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి ఇప్పుడు అందరికీ అదే కావాలి. లక్ష్మణ్ దగ్గర అది ఒకప్పుడు ఉండేది. పదమూడేళ్ళ వయసులో, ఎండాకాలం సెలవుల్లో, ప్రాణస్నేహితుడు రియాజ్‌కి రెండు రోజులకని ఇచ్చాడు. మళ్ళీ దాని మొహం చూడలేదు. తెచ్చి మీ అమ్మ చేతికే ఇచ్చానని రియాజ్ ఒట్టు పెట్టుకున్నాడు. అమ్మనడిగితే తేలిపోయేదే. కానీ అంత ఖరీదైన వస్తువు పరాయివాళ్ళకెందుకిచ్చావని వీపు విమానం మోత మోగిస్తుందని లక్ష్మణ్ భయపడ్డాడు. అడగలేదు. దానికి బదులు, గల్లీ పిల్లలందరి ముందు రియాజ్‌ని దొంగ అన్నాడు. అడగడం కంటే అనడం సులువు కదా! ఆ రోజు ఆగిపోయిన మాటలు ముప్పై ఏళ్ళయినా మళ్ళీ మొదలు కాలేదు.

పైగా ఆ సంగతిని లక్ష్మణ్ మరుగున పడనివ్వలేదు కూడా. పాత ఆటల కలెక్టర్ల వాట్సాప్ గ్రూపులో పోయిన సరుకుల జాబితా ఒకటుంది. అందులో ఆరో నంబరు: "కోతికొండ. ఎత్తుకుపోయినవాడు: రియాజ్, అల్వాల్." స్వయంగా తనే రాశాడు. ఏటా ఒకసారి, ఎవరూ అడక్కపోయినా, గ్రూపుకి గుర్తు చేస్తాడు.

ఇలా ఉండగా మౌలాలిలో ఉండే ఊర్మిళక్క ఫోన్ చేసింది. ఇంటికి సున్నాలు వేయిస్తూ సజ్జ మీది సామాన్లు దింపారట.

"అరే లక్ష్మణ్, నా పెండ్లి గంగాళంల ఏందో దొరికిందిరా. నా పేరే ఉన్నది గని నాది కాదు. నీ ఆట సామాను లెక్కున్నది. జెర వచ్చి చూడు."

లక్ష్మణ్ వెళ్ళి చూశాడు. ముప్పై ఏళ్ళుగా ఎవరూ వాడని స్టీలు గిన్నెల వరసలో, పప్పు గిన్నెకీ పులుసు గిన్నెకీ నడుమ, కోతికొండ. కోతి పళ్ళికిలించుకుని గెంతుతోంది. దాని పొట్ట మీదుగా, బొమ్మ కాగితాన్ని చీల్చుకుంటూ ప్లాస్టిక్ లోపలి దాకా, చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు:

చి.ల.సౌ. ఊర్మిళకు పెండ్లి కానుక. అమ్మ నాన్న. 14-5-94.

ఆడపిల్ల పెళ్ళికిచ్చే గిన్నెల మీద పేర్లు కొట్టించడం మన ఇళ్ళలో ఆచారం. గిన్నెలన్నీ సంచిలో వేసి షాపుకి పంపిస్తాం. పేర్లు కొట్టేవాడికి అక్షరానికింతని కూలి. సంచిలో ఏముంది, అది పప్పు వండేదా కాదా అని వాడు ఎందుకు చూస్తాడు? చేతికి అందినదల్లా కొట్టుకుంటూ పోయాడు. గరిటెను వదల్లేదు, కోతినీ వదల్లేదు.

లక్ష్మణ్ అక్కడే నిలబడి అమ్మకు ఫోన్ కొట్టాడు.

"అవ్ రా, రియాజే తెచ్చిచ్చిండు," అంది విజయమ్మ, నిన్నటి సంగతి చెప్పినట్టు. "నువ్వు క్రికెట్‌కు పోయినవ్. నా చేతిల గిన్నెల సంచి ఉండె, దాంట్లనే ఏసిన. నువ్వొచ్చినంక ఇద్దామనుకున్న. పెండ్లి లొల్లిల యాది మర్చిన."

"మరి ముప్పై ఏండ్లల్ల ఒక్కసారన్న చెప్పవైతివి?"

"నువ్వొక్కసారన్న అడగవైతివి."

ఇక్కడ మనిషన్నవాడికి ముందు సిగ్గు రావాలి. లక్ష్మణ్‌కి ముందు సంతోషం వచ్చింది. రెండు వందల పన్నెండు! జేబులోంచి గ్లౌజులు తీసి తొడుక్కున్నాడు. క్యాసెట్‌ని కవర్లో పెట్టి, అక్క ఇచ్చిన చాయ్ కూడా తాగకుండా, రెజిమెంటల్ బజార్‌కి బండి తిప్పాడు.

అక్కడ బ్రహ్మచారి అనే ఆయనకు బంగారం పని చేసే చిన్న దుకాణముంది. కలెక్టర్ల గ్రూపులో ఏ సరుకుకైనా ఆయన చెప్పిందే ధర. క్యాసెట్‌ని అందుకుని, అలవాటు కొద్దీ ముందు బంగారం త్రాసులో తూచాడు. తర్వాత కంటికి భూతద్దం బిగించి, కోతిని తోక నుంచి మొదలుపెట్టి చూశాడు. పొట్ట దగ్గరికొచ్చేసరికి ఆగాడు.

"సాఫ్ పీసైతే లక్షా ఇరవై," అన్నాడు. "డబ్బతోని, సీల్ విప్పనిదైతే నాలుగు లక్షలు. గని అసొంటిది ఎవ్వరి దగ్గరున్నదని నేను విన్లే. ఇది..."

"ఇది?"

"ఇది మీ అక్క పెండ్లి కానుక. మీ అక్కకే అమ్మాలె."

"రుద్దితే పోదా అన్నా?"

"పోతది. సన్నగ పాలిష్ పెట్టి, కొత్త స్టిక్కర్ ఏస్తే అక్షరం ఆనవాలుండది. ఎనభై వేలకు తక్కువ కాదు." బ్రహ్మచారి పాలిష్ మోటారు స్విచ్ వేశాడు. చక్రం గుర్రుమంటూ తిరగడం మొదలుపెట్టింది. క్యాసెట్‌ని దాని దగ్గరికి తీసుకెళ్తూ, మాటవరసకి అడిగాడు. "ఎక్కడికెళ్ళి దొరికిందని గ్రూపుల రాయాలె గదా, ఏం రాద్దాం? ఆ రియాజ్ తాననే దొరికిందని రాయాల్నా?"

అప్పుడొచ్చింది సిగ్గు. ముప్పై ఏళ్ళ ఆలస్యంగా వచ్చినా నిండుగా వచ్చింది. లక్ష్మణ్‌కి చెవులు కాలాయి. రియాజ్ దొంగ కాదని ప్రపంచానికి చూపించగల సాక్ష్యం ఆ అక్షరాలొక్కటే, వాటిని తను డబ్బులిచ్చి చెరిపించబోతున్నాడు. "ఆపన్నా, ఆపు!" అని చక్రం తగలబోయే ముందు క్యాసెట్ లాక్కున్నాడు. గ్లౌజులు తొడుక్కోవాలని కూడా గుర్తు రాలేదు. అక్కడే నిలబడి ఫోన్ తీసి గ్రూపులో రాశాడు: "ఆరో నంబరు కొట్టెయ్యండి. రియాజ్ దొంగ కాదు. తప్పు నాది."

అల్వాల్‌లో రియాజ్‌ది ఫ్రిజ్‌లు బాగుచేసే షాపు. వెనకే ఇల్లు. లక్ష్మణ్ వెళ్ళేసరికి రియాజ్ ఒక పాత ఫ్రిజ్ వెనక కూర్చుని స్క్రూలు విప్పుతున్నాడు. జుట్టు నెరిసింది, పొట్ట పెరిగింది. తలెత్తి చూసి, మళ్ళీ దించుకున్నాడు.

"ఫ్రిజ్జా, వాషింగ్ మెషీనా?"

"రియాజ్, నేను..."

"తెలుసు. ఫ్రిజ్జా, వాషింగ్ మెషీనా?"

లక్ష్మణ్ క్యాసెట్ తీసి ఫ్రిజ్ మీద పెట్టాడు. రియాజ్ లేచి, చేతులు తుడుచుకుని, అక్షరాలను కూడబలుక్కుంటూ పైకి చదివాడు. తేదీ రెండుసార్లు చదివాడు. మొహంలో కోపమో నవ్వో తేలకముందే లోపలికి కేకేశాడు.

"షాగుఫ్తా! ఇటు రా, జల్ది!"

ఆయన భార్య షాగుఫ్తా పిండి చేతులతోనే వచ్చింది. ఆమె చేత కూడా చదివించాడు. అమ్మకు క్యాసెట్ ఇవ్వడం, గిన్నెల సంచి, పెళ్ళి గంగాళం, లక్ష్మణ్ నత్తి నత్తిగా అన్నీ చెప్పాడు.

"అంటే మీరు నిజంగనే వాపస్ ఇచ్చిన్రా?" అంది షాగుఫ్తా మొగుడితో, కళ్ళు పెద్దవి చేసి.

"ఏందీ, నువ్వు సుత నమ్మలేదా?"

"నమ్మిన," అందామె. "జెర తక్కువ నమ్మిన."

"మాఫ్ చెయ్ రా," అన్నాడు లక్ష్మణ్. "ఇంట్ల ఒక్క మాట అడిగితే అయిపోతుండె. భయపడి అడగలే. నిన్ను దొంగను చేసిన."

రియాజ్ లోపలికి వెళ్ళాడు. ఇక రాడేమో అనుకున్నాడు లక్ష్మణ్. లోపల బీరువా చప్పుడైంది. రియాజ్ పాత ఉర్దూ పేపర్లో చుట్టిన పొట్లం ఒకటి తెచ్చి, ఫ్రిజ్ మీద పెట్టి, పేపర్ తీశాడు.

కోతికొండ. డబ్బాతో సహా. పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం ఎక్కడా గీత పడకుండా మెరుస్తోంది. లక్ష్మణ్ వంగి నాలుగు అంచులూ చూశాడు.

"ఆ ఎండకాలం మా మామ షాపుల రెండు నెలలు పని చేసి కొన్న," అన్నాడు రియాజ్. "ఇంకోటిస్తెనన్న నోరు మూస్తవని. మూడుసార్లు మీ ఇంటికొచ్చిన. నువ్వు పైన కిటికీలకెళ్ళి చూసి, తలుపు తియ్యలే."

నిజమే. చేతిలో ఏదో పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డ రియాజ్, లక్ష్మణ్‌కి గుర్తున్నాడు. తనను కొట్టడానికి రాయి తెచ్చాడనుకున్నాడు అప్పుడు.

"మరి ఇన్నేండ్లల్ల ఒక్కసారి సుత విప్పలేదారా?"

"నీది గదా. నీ సామాను నేనెట్ల విప్పుత?" అన్నాడు రియాజ్. "విప్పితే నువ్వన్నది నిజమే అయితుండె."

లక్ష్మణ్‌కి కళ్ళ నీళ్ళు తిరిగాయి. తుడుచుకోవడానికి చెయ్యెత్తేలోపు రియాజ్ డబ్బాను అతని వైపు తోశాడు.

"విప్పురా. ఒక్కో డబ్బల ఒక్కో రంగు క్యాసెట్ ఉంటుండె గదా, దీంట్ల ఏం రంగున్నదో అని ముప్పై ఏండ్ల నుంచి పరేషాన్ అయితున్న."

నాలుగు లక్షలు. దేశంలో ఎవరూ చూడనిది. లక్ష్మణ్ నోరు తెరిచాడు. ఈ కాగితం ఖరీదెంతో ఒక్క మాట చెబితే చాలు, రియాజ్ చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. అప్పుడిది మళ్ళీ బీరువాలోకి పోతుంది, తనదో రియాజ్‌దో, ఏదో ఒక బీరువాలోకి. రియాజ్ మెడ ముందుకు సాచి, పదమూడేళ్ళప్పటి మొహంతో ఎదురుచూస్తున్నాడు. లక్ష్మణ్ నోరు మూసుకున్నాడు. బొటనవేలి గోరు అంచుకి ఆనించి, పళ్ళు బిగపట్టి, సర్రున చింపాడు.

"పచ్చది!" అని గంతేశాడు రియాజ్. "నేను ఎర్రది అనుకున్న!" క్యాసెట్ పట్టుకుని, షాపు మూలన రిపేరుకొచ్చి పడున్న పాత వీడియో గేమ్ సెట్టు, టీవీ వైర్లు వెతకడానికి వంగాడు.

షాగుఫ్తా ఖాళీ డబ్బాను పిండి చేతుల్తో అటూ ఇటూ తిప్పి చూసింది. "గిసొంటి పాతవాటికి ఇప్పుడు మస్తు పైసలొస్తయని ఫోన్ల చూసిన అన్నా. ఈ డబ్బకేమన్న వస్తయా?"

"ఇప్పుడా?" అన్నాడు లక్ష్మణ్, చిరిగిన కాగితాన్ని చేతిలో ఉండ చుడుతూ. "ఇప్పుడేం రావు భాభీ."