ఒకవైపే చితికిన దిమ్మలు

పరీక్షకు పంపిన మూడు కాంక్రీటు దిమ్మలూ తక్కువ బరువుకే పగిలిపోయాయన్న కబురు వినగానే ఇంజనీరు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. ఇరవై ఎనిమిది రోజులు నీళ్ళలో నానిన దిమ్మలవి. బలం ఇరవై అయిదు రావలసిన చోట పదిహేడే వచ్చింది. అదే కాంక్రీటుతో పోసిన పన్నెండు స్తంభాలు అప్పటికే మొదటి అంతస్తును మోస్తున్నాయి.

"నీళ్ళు ఎక్కువ పోయించావు కదూ?" అని పనివాళ్ళందరి ముందూ మేస్త్రి మీద విరుచుకుపడ్డాడు.

"కొలత తప్పలేదు బాబూ."

"అయితే దిమ్మలు అబద్ధమాడుతున్నాయా?"

మేస్త్రి తాపీ కడిగి సంచిలో వేసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

స్తంభాలు పగలగొట్టాలో వద్దో తేల్చుకోవడానికి ఇంజనీరు మర్నాడు పరీక్షశాలకు వెళ్ళాడు. అక్కడ దిమ్మలు పరీక్షించే ఆవిడను అందరూ పిన్నిగారనే పిలుస్తారు. పదిహేనేళ్ళుగా ఆవిడ సంతకానికి ఎదురు చెప్పినవాడు లేడు. ఆవిడ ఫలితాల కాగితం తీయలేదు. పగిలిన ముక్కలున్న పళ్ళెం ముందుకు జరిపింది.

"ఈ కంకర చూడు. పట్టులేని కాంక్రీటైతే రాయి రాయిలాగే ఊడొస్తుంది. ఇక్కడ రాయే రెండుగా చీలింది. సిమెంటు ఎంత గట్టిగా పట్టిందో!"

"మరి పదిహేడేమిటండీ?"

"అదే నాకు నిన్నట్నుంచీ ముద్ద దిగనివ్వడం లేదు. సరిగ్గా నలిగిన దిమ్మ నాలుగు వైపులా సమంగా రాలి, నడుం సన్నబడి డమరుకంలా మిగలాలి. ఇవి మూడూ కుడివైపే చితికాయి. బరువు వంకరగా పడిందన్నమాట. ఆడలేక మద్దెల ఓడంటారుగానీ, ఈసారి మద్దెలే ఓడు బాబూ. ఆ మద్దెల నాది."

దిమ్మల్ని నలిపే యంత్రం పైపలకను చేత్తో ఊపబోతే కదల్లేదు. దిమ్మ మీద చదునుగా సర్దుకోవడానికి అది కాస్త కదలాలి. ఇసుక, దుమ్ము పేరుకుని బిగుసుకుపోయింది.

"వారంవారం తుడవాల్సింది నేనే. రెండు వారాలుగా తుడవలేదు."

ఆవిడ ఊరుకుంటే నింద మేస్త్రి నెత్తినే ఉండిపోయేది.

ఆవిడ పైపలక విప్పి శుభ్రం చేసింది. తొట్టిలో అదే కాంక్రీటువి అదనంగా నానుతున్న మూడు దిమ్మలు బయటకు తీసింది. మొదటిది ముప్పై ఒకటి. రెండోది ముప్పై. మూడోదాన్ని మాత్రం వేరే పరీక్షశాలకు పంపింది. "నా యంత్రానికి నేనే సాక్ష్యం చెప్పుకుంటే ఎలా?" అంది. సాయంత్రానికి అక్కడ ముప్పై రెండొచ్చిందని కబురందింది.

తర్వాత ఆ రెండు వారాల పరీక్షల పుస్తకం ముందేసుకుంది. "వంకర బరువు గట్టిదాన్ని మెత్తగా చూపిస్తుందేగానీ, మెత్తదాన్ని గట్టిగా చూపించదు. నెగ్గినవాటికి భయం లేదు. ఓడినవాళ్ళందరికీ నేనే చెప్పుకోవాలి" అంటూ చెప్పులు తొడుక్కుంది. "ముందు మీ మేస్త్రి ఇల్లెక్కడో చూపించు."

మేస్త్రి గుమ్మంలోనే ఆవిడ చేతులు జోడించింది. "తప్పు నాది నాయనా. నీ కాంక్రీటు ఉక్కు."

"పిన్నిగారూ, మీరు నాకు దండం పెట్టడమేమిటి!" మేస్త్రి కంగారుగా ఆవిడ చేతులు దించాడు.

ఇంజనీరు తలవంచుకున్నాడు. "నలుగురిలో అన్న మాట నలుగురిలోనే వెనక్కి తీసుకుంటాను. రేపు పనిలోకి రా."

"అది సరేగానీ బాబూ, మొన్న పోసిన శ్లాబుకు రెండు పూటలా నీళ్ళు పెట్టిస్తున్నారా?"

ఇంజనీరు నీళ్ళు నమిలాడు.

మేస్త్రి రేపటిదాకా ఆగలేదు. సంచి భుజాన వేసుకుని, వాళ్ళకంటే ముందే వీధిలోకి దిగాడు.