బంగారు గీత లేని పళ్ళెం

బసవయ్య ఎనిమిదో పళ్ళేన్ని గోరువెచ్చటి నీళ్ళలోంచి తీసి, కింద ఒక చెయ్యి, పక్కన ఒక చెయ్యి పెట్టి తువ్వాలు మీదికి దించాడు. అంచు పట్టుకుని లేపడం ఆ ఇంట్లో మహా నేరం. సముద్రం దాటి వచ్చి, సెరంగూన్ పేటలోని ఈ చైనా కుటుంబపు పింగాణీని ముప్ఫయ్యేళ్ళుగా కడుగుతున్న చేతులవి. కణుపులు తేలిన మోటు చేతులే గానీ, ఒక్క గిన్నె జారిందా అంటే లేదు! ఇవాళ్టితో ఆ పని సరి. మూడు తరాలుగా పోగేసిందంతా కుటుంబం మ్యూజియానికి ఇచ్చేస్తోంది.

మిగతా ఏడు పళ్ళేల అంచున సన్నని బంగారు గీత ఉంది. ఎనిమిదోదానికి లేదు. కడిగినప్పుడల్లా బసవయ్య దాన్ని దొంతర అడుగున పెడతాడు. పనిలో చేరిన మొదటి వారం, శ్రీకాకుళంలో అమ్మ ఇత్తడి తోమినట్టు, తళతళలాడుతుంది కదా అని చింతపండు పెట్టి తోమేశాడు మహానుభావుడు. గీత కాస్తా పోయింది. ఆ సంగతి నేటిదాకా ఎవరికీ చెప్పలేదు.

పది గంటలకు మ్యూజియం తరఫున రుచిత వచ్చింది. ఈ ఊళ్ళోనే, పుంగ్గోల్ పేటలో పెరిగిన తెలుగు పిల్ల; మాట చివర ఇక్కడివాళ్ళ 'లా' తగిలిస్తుంది. జాబితా సరిచూస్తూ ఎనిమిదో పళ్ళెం దగ్గర ఆగింది.

"అంకుల్, దీనికి గోల్డ్ లైన్ లేదు లా. పాతబడి పోయిందా? రీజన్ రాయకపోతే మావాళ్ళు రిజెక్ట్ చేస్తారు."

ఔనంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ అబద్ధం కాగితమెక్కితే పళ్ళెంతో పాటు కలకాలం ఉండిపోతుంది. పేము కుర్చీలోంచి ఆ ఇంటి పెద్దాయన, తొంభై దాటిన టాన్, ఇటే చూస్తున్నాడు.

"పాతబడి కాదమ్మా. నానే సింతపండెట్టి తోమీసినాను. తెలీక సేసిన పని," అన్నాడు బసవయ్య. తర్వాత పెద్దాయన వైపు తిరిగి, మలయ్, ఇంగ్లీషు కలగలిపి అదే చెప్పాడు.

పెద్దాయన బోసినవ్వు నవ్వాడు. "ఆ సాయంత్రమే చూశాను. అడిగితే నీ చేతులు వణికేవి. వణికే చేతుల్లో మిగతావి ఎలా పెట్టను?"

ఎంత మనిషి! ముప్ఫయ్యేళ్ళు తెలిసి, తెలియనట్టే ఉన్నాడు. బసవయ్య చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు.

"నిజం తెలిసింది, చాలు అంకుల్. ఎనిమిదీ తీసుకుంటాం," అంది రుచిత. చింతపండుతో సహా ఉన్నదున్నట్టు రాసుకుంది.

తొమ్మిది రోజులకు పెద్దాయన మధ్యాహ్నపు కునుకులోనే వెళ్ళిపోయాడు. అంత్యక్రియలు ముగిసిన మర్నాడు బసవయ్య అలవాటు కొద్దీ మెత్తని గుడ్డ పట్టుకుని పింగాణీ గదిలోకి వెళ్ళాడు. బీరువాలన్నీ ఖాళీ. కడగడానికి ఒకటే మిగిలింది. దాని దాకా వెళ్ళి, ముట్టకుండానే గుడ్డ భుజాన వేసుకుని వెనక్కి వచ్చేశాడు.

కిటికీ గట్టు మీద, వీధి కొట్లో కొన్న తెల్ల కప్పు, అడుగున ఎండిన తేయాకుతో, ఆయన తాగి పెట్టినట్టే ఉంది.