మాల తీయని స్వామి

మృగశిర కార్తె కూడా వచ్చేసింది. ఊళ్లో హనుమాన్ మాల వేసుకున్నవాళ్లంతా కొండగట్టుకు పోయి మాలలు తీసి, కోడికూర తిని, గడ్డాలు గీసుకుని ఎవరి పనుల్లో వాళ్లు పడ్డారు. మా ఆయన పండరి ఒక్కడే ఇంకా కాషాయం బట్టల్లో తిరుగుతున్నాడు. గురుస్వామి తీయబోతే 'ఇంకో మొక్కుంది' అని చెయ్యి అడ్డం పెట్టాడట. ఏ మొక్కూ లేదు. మాల తీస్తే తాగుతాడు. అది ఆయనకు తెలుసు, నాకు తెలుసు, బీర్కూర్ మొత్తానికి తెలుసు.

ఏటా ఇదే కథ. మాల మెడలో ఉన్నన్నాళ్లు దేవుడే. తీసిన పూట గుడి మెట్లు దిగకముందే దోస్తులు కాచుకుని ఉంటారు. పోయినేడు ఆ రోజే ట్రాక్టరుతో సహా నిజాంసాగర్ కాలువలో దిగాడు. నా పుస్తె గట్టిది, బతికి బయటపడ్డాడు.

తాగనందుకు సంతోషపడాలి కదా అంటారు. పడ్డాను, మొదట్లో. తెల్లవారుజామునే తలస్నానం, ఆయనకు వేరే పొయ్యి, వేరే గిన్నెలు. పొగాకు వాసన తగలొద్దని నేను బీడీలు చుట్టే చాట వాకిట్లోకి పోయింది. ఎండకు తునికాకుతో పాటు నేనూ ఎండిపోయాను. ముట్టయితే పక్కింట్లో పడక. కట్టుకున్నవాణ్ణి 'స్వామీ, స్వామీ' అని పిలిచి పిలిచి నోరు అలిసిపోయింది. తాగుబోతుతో ఎట్లాగో కాపురం చేశాను గాని, దేవుడితో చేయడం నా వల్ల కాలేదు.

చుట్టిన బీడీలు అప్పజెప్పే దగ్గర, నాలాగే బీడీలు చేసే సాయవ్వ ముందు ఈ గోసంతా వెళ్లబోసుకున్నాను.

"బాన్సువాడల తాగుడు మానినోళ్లు ఆదివారం ఆదివారం కూసుంటరు, ప్రేమలా. మా తమ్ముడు పోతుండు. మంచిగైండు" అంది.

"ఏం జేస్తరక్కా గాడ? పసరు పోస్తరా?"

"ఏం పొయ్యరు. కూసుంటరు, మాట్లాడుతరు, చాయ్ తాగుతరు."

నాకు ఒళ్లు మండింది. ముచ్చట్లు పెట్టి చాయ్ తాగితే మానేదుంటే మా ఆయన ఎప్పుడో మానేవాడు. అయినా ఎన్ని మొక్కులు మొక్కలేదు, ఇదొకటి. ఆదివారం ఆయన్ని బస్సెక్కించాను.

బాన్సువాడ బస్టాండు చుట్టూ తిరిగి తిరిగి కాళ్లు పీకాయి. బోర్డు లేదు. జిరాక్సు షాపామెకు తెలియదు, మెడికల్ షాపులో తెలియదు. చివరికి నేనే పోయి వైన్స్ కిటికీ ముందు నిలబడ్డాను. కాషాయం కట్టుకున్న మొగుడు రోడ్డవతల మొహం తిప్పుకుని ఉన్నాడు. దారిన పోయేవాళ్లు ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూశారు. సిగ్గుపడే ఓపిక కూడా లేదు నాకు. కిటికీ లోపలాయన మాత్రం అడగ్గానే చెప్పాడు.

"టైలర్ షాపు ఎనక గది అక్కా. గాడికి పోయేటోళ్లందరు ఒకప్పుడు మా గిరాకే."

గదిలో చాప మీద ఏడెనిమిది మంది ఉన్నారు. ఇంటివాళ్లు కూడా కూర్చోవచ్చంటే గోడకానుకుని కూలబడ్డాను. ఒక్కొక్కరే పేరు చెప్పి, నేను తాగుబోతునని చెప్పుకుంటున్నారు. ఇంత మామూలుగా ఆ మాట చెప్పుకోవడం నేనెక్కడా వినలేదు. వంతు మా ఆయనకు వచ్చింది.

"జై హనుమాన్" అని ఊరుకున్నాడు.

అందరిలోకి పెద్దాయన, రామబ్రహ్మం అని ఇందాకే చెప్పుకున్నాడు, మెల్లగా అన్నాడు. "స్వామితోని ఈడ పని లేదయ్యా. స్వామి తాగడు. తాగేటాయన పేరు చెప్పు."

మా ఆయన చెయ్యి మెడ దగ్గరికి పోయింది. పూసలు గట్టిగా పట్టుకున్నాడు. లేచి బయటికి పోతాడనే అనుకున్నాను.

"పండరి" అన్నాడు. ఎవరికీ వినపడలేదు. మళ్లీ చెప్పాడు. "నా పేరు పండరి. గిది తీస్తే నేను ఆగ. గందుకే తీస్త లేను. మీరెన్నొద్దులకు తీస్తరు?"

"మాకు ఏసుకునుడు లేదు, తీసుడు లేదు. ఇయ్యాల్టికి తాగం. గంతే."

"అంటే సచ్చేదాక గింతేనా?"

"సచ్చేదాక అని నేనన్లే. ఇయ్యాల్టికి అన్న."

మా ఆయన చాయ్ ఇస్తే తాగాడు. తిరిగొచ్చే దారిలో, నేను అడగకుండానే, హనుమాన్ గుడి ముందు ఆగి పూజారితో మాల తీయించుకున్నాడు. కొబ్బరికాయ పగిలింది. ఆ బోసి మెడ చూస్తే సంతోషం కాదు, భయమేసింది. బస్సులో దారి పొడుగునా నన్ను నేనే తిట్టుకున్నాను. ఏదో ఒక ముసుగులో మనిషి మనిషిగా ఉండె, అది కూడా ఊడగొట్టి తెచ్చుకుంటినే అని.

బీర్కూర్‌లో దిగేసరికి మోతీరాం ఎదురయ్యాడు. ఏటా మాల తీసిన రోజు మొదటి గ్లాసు పోసేది ఆయనే.

"తీసినవా బావా! ఇన్నొద్దులు ఎదురుచూసి సచ్చినం. నడువు మరి."

నేను పక్కకు జరిగి నిలబడ్డాను. ఇన్నేళ్లు అరిచి అరిచి ఏం సాధించాను కనుక.

"ఇయ్యాల కాదు" అన్నాడు మా ఆయన.

"మరెప్పుడు?"

"రేపడుగు."

మోతీరాం నవ్వాడు. మా ఆయన నవ్వలేదు. చెమటలు కారుతున్న మనిషి ఇంటిదాకా వెనక్కి చూడకుండా నడిచాడు.

వాకిట్లోని బీడీల చాట తెచ్చి లోపల పెట్టుకున్నాను. వేరే పొయ్యి వెలిగించలేదు. ఒకే కుండలో అన్నం వండి, గడప దగ్గర కూర్చున్న ఆయన్ని పిలవబోతే అలవాటుగా 'స్వామీ' అని వచ్చింది నోటికి. మింగేశాను.

"ఏమయ్యా, అన్నం తింటవా?"

"పెట్టు" అన్నాడు.

వడ్డించాను. రేపు మోతీరాం మళ్లీ వస్తాడు. రానీ. మాల తీసిన రోజు ఈ మనిషి ఇంట్లో కూర్చుని అన్నం తినడం, పెళ్లయిన దగ్గర్నుంచి, ఇదే మొదటిసారి.