సందు కాలువ విసురు

గంగాదేవి కొట్టిన బంతి ఆ ఉదయం కూడా కాలువలోనే పడింది. లేచేటప్పుడు బుద్ధిగానే లేచింది. నూటయాభై గజాల దాకా పచ్చిక నడిమధ్యగా పోయింది. ఆ తరవాత ఏం గుర్తొచ్చిందో ఏమో, ఎడమకి తిరిగి, గట్టు దాటి, నీళ్ళలో బుడుంగున మునిగింది. ఆ వారంలో అది నలభయ్యో బంతో, నలభై ఒకటోదో. ఆ కాలువలో చేపలకి బంతులు తినే అలవాటుంటే ఈపాటికి బలిసిపోయి ఉండేవి.

"ఎడమ భుజం ఎత్తేస్తున్నావమ్మా," అన్నారు వెనకనించి అచ్యుతరామారావు గారు.

ఆయన ఎవరూ అడక్కుండానే చెబుతారు. విజయవాడ కాలేజీలో ముప్పై రెండేళ్ళు ఫిజిక్సు చెప్పి రిటైరైన మనిషి, ఇప్పుడు మంగళగిరి అవతల ఉన్న ఈ గోల్ఫ్ క్లబ్బుకి కమిటీ పెద్ద. సోమవారం మోకాలు అన్నారు, మంగళవారం తల అన్నారు, ఇవాళ భుజం. ఆయన చెప్పినవన్నీ సరిచేసుకుంటూ పోతే మనిషిలో పాతది ఏదీ మిగలదు. ఆయన సొంత బంతి కుడిపక్క తుమ్మల్లోకి పోయినప్పుడు మాత్రం తప్పంతా గాలిదే. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అన్నారా.

గంగాదేవికి కావలసింది ఒక్క కార్డు. ఆ క్లబ్బులో కొత్తవాళ్ళు తొమ్మిది గుంతలూ ఆడాలంటే ముందు ఒక పరీక్ష నెగ్గాలి. డ్రైవర్‌తో, అంటే సంచిలో అన్నిటికన్నా పొడవుగా, పిడికిలికన్నా పెద్ద తలతో ఉండే కర్రతో, పది బంతులు కొట్టాలి. ఎడమపక్క కాలువ, కుడిపక్క జనం నడిచే దారి. రెండింటికీ మధ్య నలభై గజాల పచ్చిక, దానికి అటూ ఇటూ తెల్ల గుంజలు. పదింట్లో ఆరు ఆ గుంజల మధ్య ఆగితే కార్డు ఇస్తారు. మూడుసార్లు తప్పితే ఏడాది దాకా పరీక్ష ఊసే లేదు. గంగాదేవి మొదటిసారి రెండు ఆపింది, రెండోసారి మూడు. ఆఖరి పరీక్ష ఆదివారం.

"నా మాట విని ఐరన్ కార్డు తీసుకోమ్మా," అన్నారు మాస్టారు. "పొట్టి కర్రతో వెనకపక్క మూడు చిన్న గుంతలు ఆడుకోవచ్చు. లేడీసు, పెద్దవాళ్ళు అందరూ అదే తీసుకుంటున్నారు. హాయిగా ఉంటుంది."

"హాయి కోసం రాలేదండీ," అంది గంగాదేవి. "ఆ పెద్దది కొట్టడానికి వచ్చాను."

ఆ మాట నిజమే. ఆమె అసలు వచ్చింది చేపలతో. భవానీపురంలో ఆమెది టోకు చేపల షాపు. క్లబ్బు క్యాంటీనుకి పండుగప్ప, కొర్రమీను అక్కణ్ణించే వెళ్తాయి. కిందటేడు ఒకరోజు పనివాడు రాకపోతే తనే వ్యాను తోలుకొచ్చి, ఐసు పెట్టె దింపుతూ, మాస్టారు ఐదు బంతులు వరసగా తుమ్మల్లోకి కొట్టడం చూసి నవ్వింది. నవ్వడం తేలికమ్మా, ఏదీ నువ్వు కొట్టు అని ఆయన కర్ర చేతికిచ్చారు. గంగాదేవి కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, కొంగు బొడ్లో దోపి, ఒక్కటి కొట్టింది. అది మాస్టారి మంచి బంతికన్నా ముప్పై గజాలు ఎక్కువ పోయింది. కాలువలోకే పోయిందన్న సంగతి ఆరోజు ఎవరూ పట్టించుకోలేదు. ఆమెకి గుర్తుండిపోయింది ఆ చప్పుడు, ఆ తరవాత మోచేతుల దాకా పాకిన జిల్లు. నలభై ఆరేళ్ళ వయసులో, ఇద్దరు పిల్లల పెళ్ళిళ్ళు చేశాక, ఒళ్ళంతా అంత సంతోషం ఎక్కణ్ణించి వచ్చిందో ఆమెకే తెలీలేదు. అది మళ్ళీ కావాలనిపించింది. ఆ నెలలోనే మెంబరుగా చేరింది.

అక్కడ ఆట నేర్పే అమ్మాయి డయానా. ఇరవై ఆరేళ్ళది, ఓపిక మాత్రం అరవై ఏళ్ళవాళ్ళకుండేంత. మాస్టారు కాఫీకి వెళ్ళాక ఆ అమ్మాయి ఫోన్లో తీసిన వీడియోని మెల్లగా నడిపించి చూపించింది.

"ఇక్కడ చూడండి ఆంటీ. నడుం బాగా తిరుగుతోంది. భుజం కూడా బానే ఉంది. బంతి తగిలే టైముకి మీ కుడి మణికట్టు ఇలా బోర్లా తిరిగిపోతోంది. దాంతో కర్ర తల ఎడమకి వాలి మూసుకుపోతుంది. బంతి ఎడమకి పోక ఇంకెక్కడికి పోద్ది? ప్రతిసారీ ఇదే. చిన్నప్పుడు ఏ పని చేసేవారు మీరు?"

గంగాదేవి తన చేతివంక చూసుకుంది. "వల విసిరేదాన్నమ్మా. నాగాయలంక కింద, మా నాన్నతో. మణికట్టు అలా తిప్పకపోతే వల తెరుచుకోదు. ముద్దలా పడద్ది."

"అయితే అది మర్చిపోవాలి ఆంటీ."

మర్చిపోవాలట. ఎనిమిదో ఏట పట్టిన వల. పుస్తకాలు పట్టుకున్నదానికన్నా ఎక్కువసార్లు పట్టుకున్న వల. ఆ రోజంతా మణికట్టుని తిట్టుకుంటూ అరవై బంతులు కొట్టింది. యాభై ఎడమకి పోయాయి. భయపడి బిగబట్టినవి పది కుడికి పోయి దారిన పోయేవాళ్ళని బెదరగొట్టాయి.

ఖాళీ బుట్ట తిరిగిచ్చేద్దామని వరండా వైపు వెళ్తుంటే మాస్టారి గొంతు వినిపించింది. డయానా ఏదో మాటల్లో ఆయనకి వల సంగతి చెప్పినట్టుంది. ఆయన కాఫీ తాగుతూ ఇద్దరు కమిటీవాళ్ళతో అంటున్నారు.

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని ఊరికే అనలేదండీ మనవాళ్ళు. వల విసిరిన చెయ్యి అది. దానికి డ్రైవర్ ఎక్కడ పట్టుబడుతుంది? పాపం, ఐరన్ తీసుకోమంటే వినదు."

అందులో ఆ 'పాపం' ఉందే, అది మండించింది గంగాదేవిని. తిట్టినా ఊరుకునేది. చేపల బజారులో తిట్లు తినని రోజు ఉండదు, తిట్టని రోజూ ఉండదు. జాలి పడటానికి ఆయనెవరు? ఆమె బుట్టని చప్పుడయ్యేలా వరండా గట్టుమీద పెట్టింది. ముగ్గురూ తిరిగి చూశారు. ఆమె వెళ్ళి వ్యాను ఎక్కింది.

మర్నాడు తెల్లవారుతుండగా అటక మీంచి తండ్రి పోలరాజు విసురు వల దింపి, భవానీపురం రేవులోకి వెళ్ళింది. ఆ వల పట్టుకుని ఇరవై ఏళ్ళు దాటింది. పోలరాజు పోయాక దాన్ని ఎవరూ తడపలేదు. ఆమె అలవాటు చొప్పున ముందు వలని నీళ్ళలో ముంచింది. మడతలు మోచేతి మీద వేసుకుంది. అంచున సీసపు గుళ్ళు చిక్కుపడకుండా వేళ్ళతో దువ్వింది. తడి వేళ్ళు కళ్ళకద్దుకుంది. అప్పుడు విసిరింది.

వల గాలిలో గుండ్రంగా తెరుచుకుని, అంచంతా ఒకేసారి నీళ్ళని తాకింది. రేవులో పళ్ళు తోముకుంటున్న ఒకాయన పుల్ల నోట్లోంచి తీసి మరీ చూశాడు. గంగాదేవికి ఏడుపొచ్చినంత పనైంది, కోపం కూడా వచ్చింది. ఇంత చక్కటిదాన్ని తప్పంటారా? దీన్ని మర్చిపోవాలా?

వల లాగుతూ ఉంటే, ఒక చిరుగు దగ్గర వేరే రంగు దారంతో అల్లిన చోటు వేళ్ళకి తగిలింది. ఆ చిరుగు ఆమె చేసిందే. పదమూడో ఏట, మడ అడవిలోకి పోయే ఒక సందు కాలువలో, తండ్రి వద్దంటున్నా వినకుండా తన గొప్ప చూపించుకోడానికి నిండుగా విసిరింది. వల చక్కగా తెరుచుకుంది, చక్కగా రెండు గట్ల మీది మడ చెట్ల వేళ్ళకీ తగులుకుంది, చక్కగా చిరిగింది. పోలరాజు కొట్టలేదు. రెండు రోజులు పక్కన కూచోబెట్టుకుని దారం చేతికిచ్చి అల్లించాడు. మూడోరోజు అదే కాలువకి తీసుకెళ్ళాడు.

"పెద్దనీళ్ళలో వల తెరుచుకోవాలే," అన్నాడు. "సందు కాలువలో వల పోవాల్సిన చోటికి పోవాలి. మణికట్టు కదపమాకు. నడుంతో వెయ్యి. చెయ్యి చివరికి ఎటు చూపిస్తే వల అటే పోద్ది."

గంగాదేవి నీళ్ళలో నిలబడి పకపకా నవ్వింది. వెన్న చేతిలో పెట్టుకుని నేతికోసం ఊరంతా తిరిగినట్టయింది. రెండు తెల్ల గుంజల మధ్య పచ్చికని పెద్దనీళ్ళనుకుని విసురుతోంది ఇన్నాళ్ళూ. అది సందు కాలువ. ఆ విసురు కూడా ఆమెకి వచ్చు.

ముప్పై సార్లు విసిరింది. మొదట ముద్దలా పడింది. పోగా పోగా సన్నగా, చాపలా పొడుగ్గా, తను చూసిన చోటే పడింది. ఎండెక్కే వేళకి ఆపి, వల పిండుకుంది. ఒక్క చేపా పడలేదు, ఆమెకి కావలసిందీ చేప కాదు.

ఆ మధ్యాహ్నం క్లబ్బులో వరసగా ఏడు బంతులు తిన్నగా పోయేసరికి డయానా ఫోను దించేసింది.

"ఎవరు చెప్పారు ఆంటీ మీకిది?"

"మా నాన్న."

"ఆయన గోల్ఫ్ ఆడేవారా?"

"మట్టగిడసలు పట్టేవాడు."

ఏదీ ఊరికే రాదు. ఈ విసురుకి పాతిక గజాల దూరం తగ్గింది. ఆ జిల్లు కూడా తగ్గింది. డయానా దాని గురించి బెంగపడొద్దంది. "దూరం తరవాత చూద్దాం. ప్రతిసారీ ఒకేలా నిలబడండి, ఒకేలా ఊపిరి తీసుకోండి, ఒకేలా కొట్టండి. ఒక్క మెట్టు కూడా వదలద్దు," అంది. అదైతే గంగాదేవికి కొత్త పాఠం కాదు. వల తడపకుండా, గుళ్ళు దువ్వకుండా విసిరేవాళ్ళని పోలరాజు పడవలోంచి దింపేసేవాడు.

ఆదివారం ఆరున్నరకి మొదటి గుంత దగ్గర పదిమంది దాకా చేరారు. మాస్టారు అట్ట మీద కాగితం పెట్టుకుని కూచున్నారు. గంగాదేవి సీసాలో నీళ్ళతో వేళ్ళు తడుపుకుని కళ్ళకద్దుకుంది. ఎవరో చిన్నగా నవ్వారు. ఆ నవ్వు చెవిలో ఉండగానే కొట్టింది. బంతి కాలువలో పడింది.

"ఒకటి, అవుటు," అన్నారు మాస్టారు, రాసుకుంటూ.

ఆమె వెనక్కి వచ్చింది. మళ్ళీ వేళ్ళు తడిపింది. మళ్ళీ కళ్ళకద్దుకుంది. ఈసారి నవ్వినవాడి వంక సూటిగా చూసి, నవ్వు అయ్యేదాకా ఆగి, అప్పుడు బంతి దగ్గరికి వెళ్ళింది. రెండోది తిన్నగా పోయింది. మూడోది దాని పక్కనే ఆగింది. నాలుగోదానికి ఇంకాస్త దూరం కొడదామన్న ఆశ పుట్టింది. ఆశ మణికట్టులోకి దిగింది. బంతి కాలువలోకి దిగింది.

ఐదోది పచ్చిక మీద ఆగింది. ఆరోది బిగబట్టి కొడితే కుడి గుంజకి మూరెడు అవతల ఆగింది. మాస్టారు స్వయంగా నడిచి వెళ్ళి చూసి, అవుటే అన్నారు. అందులో అన్యాయమేమీ లేదు. ఇంక నాలుగు బంతులున్నాయి. మూడు ఆగాలి.

"ఇప్పటికైనా మించిపోలేదమ్మా," అన్నారాయన, ఈసారి మెల్లగా. "ఐరన్ కార్డు కింద రాసేస్తాను. ఏడాది వృథా ఎందుకు?"

"రాయకండి," అంది గంగాదేవి.

ఏడోది పోయింది తిన్నగా. ఎనిమిదోదీ అలాగే పోయింది. తొమ్మిదోదానికి ఆమె చాలాసేపు పచ్చికవంక చూసింది. అటు మడ వేళ్ళు, ఇటు మడ వేళ్ళు. మధ్యలో సన్నటి నీళ్ళు. నడుం తిరిగింది, మణికట్టు కదల్లేదు, చెయ్యి చివరికి దూరంగా గుంత దగ్గర పాతిన జెండావైపే చూపించింది. బంతి ఎడమకీ కుడికీ ఆలోచించకుండా పోయి, మిగతా ఐదింటి మధ్యలో ఆగింది.

డయానా గబగబా వచ్చి వాటేసుకుంది. ఇందాక నవ్వినవాడు చప్పట్లు కొట్టాడు. మాస్టారు లేచి నిలబడి, కళ్ళజోడు తుడుచుకుని, కాగితం మీదా కార్డు మీదా సంతకం పెట్టారు.

"ఆరు. పాసయ్యావమ్మా. ఒప్పుకోవాల్సిందే, చెయ్యి మార్చేశావు. ఇంక చాలు, రా, కాఫీ తాగుదాం."

"పది కదండీ మాస్టారూ. ఇంకోటి ఉంది."

"అది కొట్టక్కర్లేదు."

"నాకు కొట్టాలనుంది."

ఆమె పదో బంతి పెట్టింది. వేళ్ళు తడిపి కళ్ళకద్దుకుంది. ఈసారి జెండావైపు చూడలేదు. ఎడమపక్కకి, కాలువ అవతలి గట్టు మీద తెల్లగా పూసిన రెల్లుగడ్డి వైపు చూసింది. మాస్టారు గాభరాగా ఏదో అనబోయారు. అప్పటికే ఆమె నడుం తిరిగింది, భుజం తిరిగింది, ఎనిమిదో ఏట నేర్చిన మణికట్టు నిండుగా, హాయిగా బోర్లా తిరిగింది. ఆ చప్పుడుకి వరండాలో కాఫీ తాగుతున్నవాళ్ళు కూడా తల తిప్పారు. బంతి ఎత్తుగా లేచి, వంపు తిరిగి, కాలువ మొత్తం దాటి, ఆమె ఎక్కడికని చూసిందో సరిగ్గా అక్కడ, రెల్లుపూల మధ్య పడింది. ఆ ఉదయం అంత దూరం ఇంకెవరి బంతీ పోలేదు.

జిల్లు మోచేతుల దాకా పాకింది. గంగాదేవి అది తగ్గేదాకా నిలబడి, కర్ర సంచిలో పెట్టి, మాస్టారి చేతిలోంచి కార్డు తీసుకుంది.

"చెయ్యి మారలేదండీ," అంది. "పుట్టుకతో వచ్చింది ఎక్కడికీ పోలేదు. పుడకల దాకా నాతోనే ఉంచుకుంటాను."